ఇంటిపేరు

"మేజర్ ఉప్పలూరి!" కౌంటర్ దగ్గర అమ్మాయి పిలిచింది.
నేను వెంటనే లేవలేదు.
మా వంశంలో మిలటరీకి పోయినవాళ్ళు లేరు.
ఒళ్ళో బుట్ట కదిలాక గుర్తొచ్చింది
ఈ ఊళ్ళో పిల్లికీ ఇంటిపేరు ఉంటుందని,
అది బిల్లు కట్టేవాళ్ళదని.

మేజర్ అన్నది మేవిస్ ట్రెలోర్ పెట్టిన పేరు.
పక్కింటావిడ. చూపు తగ్గి కేర్ హోమ్‌కు వెళ్తూ
పిల్లినీ, సగం ఖాళీ అయిన మేత సంచినీ
కంచె మీంచి అందించింది.
ఇప్పటికీ ఆదివారం ఫోన్ చేసి అడుగుతుంది,
గేటు స్తంభమెక్కి కూర్చుంటున్నాడా అని.
కూర్చుంటున్నాడు, అంటాను.

ఫిబ్రవరిలోనే ఎక్కలేకపోయాడు.
ఎగరబోయి, ఆగి,
అసలు అటు వెళ్ళే ఉద్దేశమే లేనట్టు
పక్కకు తిరిగి ఒళ్ళు నాక్కున్నాడు.
నేనూ చూడనట్టు బట్టలు ఆరేశాను.

ఏప్రిల్‌కి సోఫా కొండయింది.
పిల్లి మునివేళ్ళ మీద నడిచే జీవి అని
వాడు మానేశాకే నాకు తెలిసింది.
ఇప్పుడు వెనక కాళ్ళు మడమల దాకా నేలకానించి
కొత్త చెప్పులు కరిచినవాడిలా
వంటింట్లోంచి హాల్లోకి.

మొదటి డాక్టరు వయసన్నాడు. కీళ్ళవాతం, చేపనూనె.
రెండో ఆయన ఎక్స్‌రేని వెలుతురుకు పట్టి
"ఇక్కడేదో ఉంది" అన్నాడు,
"ఏమీ లేకపోనూవచ్చు" అని కూడా ఆయనే అన్నాడు.
వెన్నులోపలికి చూడాలంటే మెల్‌బోర్న్ వెళ్ళాలి,
మూడువేల ఎనిమిది వందల డాలర్లు.
ఆ చీటీ తెచ్చి ఫ్రిజ్ మీద అంటించాను,
మార్చి నుంచీ వేలాడుతున్న
నా రక్తపరీక్ష చీటీ పైన.

ఈవిడ మూడో డాక్టరు. బాలరాట్ జూన్ మంచులో
లైబ్రరీ కార్డుతో కారద్దం గీక్కుని వచ్చాం.
కింద వదలమంది. "నడవరా నాన్నా" అన్నాను తెలుగులో.
నాలుగడుగులు. నడుము ఊగింది. కూర్చున్నాడు.
ఆవిడ వెనక పాదాన్ని తిరగేసి నేల మీద పెట్టింది.
చటుక్కున సర్దుకోవాలట.
మేజర్ చాలాసేపు ఆలోచించాడు,
అది ఎవరి కాలో అన్నట్టు.

"నీళ్ళు ఎక్కువ తాగుతున్నాడా?"

బాత్‌రూమ్ కుళాయి చుక్కలు, నా మంచం పక్క గ్లాసు,
బియ్యం కడిగిన గిన్నె...
అన్నీ ఒక్కసారే కళ్ళముందు కారాయి.
వాటి వెనకే పెదనాన్న:
తెనాలి బస్టాండు దాకా ఒంటి చెప్పుతో నడిచొచ్చి
రెండోది ఎక్కడ జారిందో తెలియక
మమ్మల్ని కేకలేసిన పెదనాన్న.
దూది మీద నడుస్తున్నట్టుందిరా, అనేవాడు.

"షుగరా?" అన్నాను.
ఎలా ఊహించారంది ఆవిడ.
ఇంటిపేరు చూడండి, అనబోయాను.

చెవి అంచున గుచ్చి ఒక్క చుక్క తీశారు.
పంతొమ్మిది.
ఎక్కువే. కానీ పిల్లుల్లో
భయానికి కూడా షుగర్ పెరుగుతుందట.
ఇంకో గొట్టం నిండా రక్తం ల్యాబ్‌కి వెళ్ళింది.
అదైతే, సూది మందుతో, నిదానంగా,
కాళ్ళు మళ్ళీ లేవొచ్చు. లేవకపోవచ్చు.
కాకపోతే మెల్‌బోర్న్.
గురువారం చెబుతారు.

మా ఇంట్లో ఆ మాటను
పాము పేరు పలికినట్టు గొంతు తగ్గించి అనేవాళ్ళం.
అలాంటిది, కారు తాళం తిప్పకుండానే కూర్చుని
ఒకరికి షుగర్ ఉండాలని
పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మొక్కుకున్నాను.

బుట్టలోంచి వాడు నా వేలు వాసన చూశాడు.
వెన్న బిస్కెట్ తిన్న వేలు.

ఇవాళ మంగళవారం. రాత్రి రెండయింది.
చెక్క నేల మీద
గోళ్ళ చప్పుడు కాదు, మడమల చప్పుడు
ఆగి, ఆగి, వంటింటి వైపు.
నీళ్ళ గిన్నె నిండుగానే పెట్టాను.
నాలుక చప్పుడు ఎంతకీ ఆగదు.

నేనూ లేచాను.
లైటు వెయ్యకుండా కుళాయి తిప్పాను.
రెండో గ్లాసు కూడా అయిపోయింది.